34401ఎ తీసేసి 34461ఎ పెడుతున్నాం: సీరియల్ పోర్టు లేదు, ఏసీ రీడింగు కలవడం లేదు

పీణ్యా_బెంచ్
మాది బెంగళూరు పీణ్యాలో చిన్న కంపెనీ. పవర్ సప్లై బోర్డులు, ఎల్‌ఈడీ డ్రైవర్లు చేస్తాం. ఫైనల్ టెస్టింగ్‌లో అన్ని స్టేషన్లలోనూ 34401ఎ మల్టీమీటర్లే. కొన్నిటి మీద హెచ్‌పీ అని ఉంటుంది, కొన్నిటి మీద అజిలెంట్ అని. ఇన్నేళ్ళూ ఒక్కటీ మొండికెయ్యలేదు. ఈ మధ్య ఒక కస్టమర్ తరఫున ఆడిటర్ వచ్చి, తయారీ ఆగిపోయిన మోడల్ మీద లైన్ మొత్తం నడుస్తోంది, మార్చే ప్లాన్ చూపించండి అని రాసి వెళ్ళాడు. మేనేజ్‌మెంట్ వెంటనే వాటి స్థానంలో వచ్చిన కీసైట్ 34461ఎలు కొనేసింది. అమ్మినాయన "పాతది తీసి కొత్తది పెట్టండి, అంతే" అన్నాడు.

అంతే కాలేదు. మా టెస్ట్ ప్రోగ్రాం పాత విజువల్ బేసిక్ (వీబీ6)లో రాసింది. విండోస్ ఎక్స్‌పీ మెషిన్ మీద, సీరియల్ పోర్టుతో నడుస్తుంది. రాసినాయన మానేసి వెళ్ళిపోయాడు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. కొత్త మీటరు వెనక యూఎస్‌బీ ఉంది, ల్యాన్ ఉంది, సీరియల్ పోర్టు లేదు.

ఇంకో సంగతి దీనికంటే టెన్షన్ పెడుతోంది. ల్యాప్‌టాప్‌కి కొత్త మీటరు ఒకటి తగిలించి చూశాం. డీసీ బాగానే కలుస్తోంది. రిపుల్ (డీసీ ఔట్‌పుట్ మీద మిగిలిపోయే ఏసీ అలలు) కోసం తీసే ఏసీ రీడింగు మాత్రం తేడా. పాతది 4 మిల్లీవోల్టులు చూపించిన బోర్డుకి కొత్తది 6 పైన చూపిస్తోంది. మా లిమిట్ 5. పాస్ అయిన బోర్డులు ఫెయిల్ అవుతున్నాయి. రెంటిలో ఏది తప్పు అని మేనేజర్ రోజూ అడుగుతున్నాడు. ఈ మార్పు చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి.

రెండోషిఫ్టు
అసలు ఎందుకు మార్చాలి? మా దగ్గరా 34401ఎలే, ప్రతి ఏడాదీ కాలిబ్రేషన్ పాస్ అవుతున్నాయి. తయారీ ఆగిపోతే మీటరు చెడిపోయినట్టా? ఆడిటర్‌కి సర్టిఫికెట్ చూపించి పంపించెయ్యాల్సింది.

ల్యాబ్‌వ్యూ_లోకం
దీనికి ఇంత కంగారు అక్కర్లేదు. 34461ఎ పాత మీటరు కమాండ్లను తీసుకునేలానే తయారైంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ప్రోగ్రాం మొదట్లో *ఐడీఎన్? (నీ పేరు, మోడల్ ఏంటి) అని అడిగి, జవాబులో "హ్యూలెట్-ప్యాకర్డ్, 34401ఎ" ఉందా అని చూస్తుంది. కొత్తది తన పేరు చెప్తే అక్కడే ఆగిపోతుంది. మెనూలో ఎస్‌సీపీఐ (మీటరు కమాండ్ల భాష) ఐడీ సెట్టింగ్ ఉంటుంది, దాన్ని 34401ఎగా మార్చండి. జీపీఐబీ (టెస్ట్ పరికరాలను కంప్యూటర్‌కి కలిపే పాత కేబుల్ పద్ధతి) కార్డు ఆప్షన్‌గా దొరుకుతుంది, అడ్రస్ 22 పెట్టేస్తే పని అయిపోయింది.

సోల్డర్‌పొగ
@ల్యాబ్‌వ్యూ_లోకం ఆయన సీరియల్ అని రాశాడు కదా బ్రదర్. జీపీఐబీ కార్డు పెట్టి ఏం చేస్తాడు?

ల్యాబ్‌వ్యూ_లోకం
అవును, సీరియలే. ఐడీ సంగతి మాత్రం ఏ కేబుల్ అయినా వర్తిస్తుంది.

వైట్‌ఫీల్డ్_విజా
ఇంకా డబ్బు పెట్టకముందు అడిగి ఉంటే కీత్లీ డీఎమ్‌ఎమ్6500 చెప్పేవాణ్ణి. దాంట్లో 34401 కమాండ్ సెట్ ఎంచుకోవచ్చు, ఆర్‌ఎస్-232 (అంటే సీరియల్ పోర్టు) కార్డు విడిగా కొని వెనక స్లాట్‌లో పెట్టుకోవచ్చు. ఫ్లూక్ 8846ఎ అయితే సీరియల్ పోర్టుతోనే వస్తుంది, 34401ఎలా నడిచే మోడ్ కూడా ఉంది. సీరియల్ మీదే బతికే పాత లైన్లు ఎన్నో ఉన్నాయి కాబట్టే వాళ్ళు ఆ దారి వదిలిపెట్టలేదు.

పీణ్యా_బెంచ్
@వైట్‌ఫీల్డ్_విజా కొనేశారు గురూ, బాక్సులు కూడా విప్పేశాం. ఇప్పుడు వెనక్కి పోయే దారి లేదు.

@రెండోషిఫ్టు నాకూ ముందు అలాగే అనిపించింది. కానీ రెండు మీటర్లకి డిస్‌ప్లే మసకబారి, పక్కన ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే అంకెలు కనబడటం లేదు. ఒకటి చేతికి తగిలితే గానీ ముందు టెర్మినల్స్ మీద రీడింగు నిలవదు. ఆడిటర్ రాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే.

ఆర్పీఐ_రాయలసీమ
సీరియల్ గొడవకి మా దగ్గర పనిచేసిన దారి చెప్తాను. పాత ఎక్స్‌పీ మెషిన్ని ముట్టుకోవద్దు. దాని సీరియల్ కేబుల్‌ని మీటరుకి బదులు ఒక రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి, యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్‌తో తగిలించండి. ఆ రాస్‌బెర్రీ పై నుంచి మీటరుకి ల్యాన్ కేబుల్. మధ్యలో చిన్న పైథాన్ ప్రోగ్రాం: సీరియల్‌లో వచ్చిన లైన్‌ని మీటరు 5025 నెట్‌వర్క్ పోర్టుకి పంపడం, జవాబు వస్తే తిరిగి సీరియల్‌లో వెయ్యడం. ప్రోగ్రాంకి తెలిసేదల్లా అటువైపు 34401ఎ ఉందనే.

చూసుకోవాల్సినవి రెండు ఉన్నాయి. పాత మీటరుకి సీరియల్‌లో రీడింగు అడిగే ముందు రిమోట్ మోడ్‌లో పెట్టే కమాండ్ పంపాలి, మీ ప్రోగ్రాం కూడా పంపుతూనే ఉంటుంది. ల్యాన్ మీద ఆ అవసరం లేదు, దాన్ని మధ్య ప్రోగ్రాంలోనే మింగేయండి. ఇంకోటి హ్యాండ్‌షేక్, అంటే అవతలివైపు సిద్ధమేనా అని చూసుకోవడం. దానికి 34401ఎ డీటీఆర్, డీఎస్‌ఆర్ లైన్లు వాడుతుంది. పీసీ వైపు డీఎస్‌ఆర్ పైకి లేవకపోతే కొన్ని ప్రోగ్రాములు కదలకుండా కూర్చుంటాయి. కేబుల్‌లో పీసీ వైపు కనెక్టర్‌లోనే ఆ రెండు పిన్నులూ కలిపి సోల్డర్ చేస్తే చాలు.

సోల్డర్‌పొగ
ఆ హ్యాండ్‌షేక్ సంగతి బంగారంలాంటి మాట. సీరియల్ పోర్టు లేని కొత్త పీసీకి 34401ఎ తగిలించేవాళ్ళకీ ఇదే గొడవ. ఎస్పీ రోడ్డులో దొరికే చవక అడాప్టర్లలో కొన్నిటికి టీఎక్స్ (పంపే లైన్), ఆర్‌ఎక్స్ (అందుకునే లైన్), గ్రౌండ్ తప్ప ఇంకేమీ ఉండవు.

ఐటీ_గేటు
ఎక్స్‌పీ మెషిన్ నెట్‌వర్క్ మీదకి రాకపోవడం ఇందులో నాకు బాగా నచ్చింది. దాన్ని ఆఫీసు ల్యాన్‌కి కలుపుతామంటే ఏ ఐటీవాడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు. ఒక్కో స్టేషన్‌కి పై, మీటరు రెండిటికీ నేరుగా ఒక కేబుల్ వేసి, రెండింటికీ స్థిరమైన ఐపీ ఇచ్చెయ్యండి.

రెండోషిఫ్టు
ఒక మీటరు మార్చడానికి ఇంకో కంప్యూటరా. రేపు ఆ పై పోతే ఎవరు చూస్తారు? ఇప్పుడు సోర్స్ కోడ్ లేదని ఏడుస్తున్నాం. అప్పుడు పైథాన్ ప్రోగ్రాం రాసినవాడు ఉండడు.

ఆర్పీఐ_రాయలసీమ
@రెండోషిఫ్టు న్యాయమైన ప్రశ్న. అందుకే ప్రోగ్రాంని ప్రింట్ తీసి స్టేషన్ ఫైల్‌లోనే పెట్టాం, రెండో ఎస్‌డీ కార్డు డ్రాయర్‌లో ఉంటుంది. ఒక పేజీకి మించని ప్రోగ్రాం అది, కాస్త తెలిసిన ఏ ఇంజినీరైనా చదివి అర్థం చేసుకుంటాడు. లైన్ ఆగకుండా నడుస్తుంటే, టెస్ట్ ప్రోగ్రాంని తీరిగ్గా మళ్ళీ రాసుకోవచ్చు. ఇది అప్పటిదాకానే.

కాలిబ్రేషన్_అక్క
అందరూ కేబుల్ దగ్గరే ఆగిపోయారు. అసలు సమస్య ఆ 5 మిల్లీవోల్టుల లిమిట్.

34401ఎలో ఏసీ సిగ్నల్‌ని ఒక అనలాగ్ సర్క్యూట్ ఆర్‌ఎమ్‌ఎస్‌గా (ఏసీ ప్రభావ విలువగా) మారుస్తుంది. 34461ఎ సిగ్నల్‌ని వేగంగా శాంపిల్ చేసి లెక్కగడుతుంది. సైన్ వేవ్ ఇస్తే రెండూ ఒకే మాట చెప్తాయి. స్విచింగ్ సప్లై రిపుల్ సైన్ వేవ్ కాదు. స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో చిన్న త్రికోణం, దాని మీద ప్రతి స్విచింగ్ అంచు దగ్గరా సన్నటి పొడుగు స్పైకులు. అలాంటి ఆకారానికి రెండు రకాల సర్క్యూట్లు ఒకే జవాబు ఇవ్వాలని ఏ డేటాషీటూ హామీ ఇవ్వదు.

పాత మీటరు డేటాషీట్ తీసి చూడండి. ఏసీ కచ్చితత్వం రేంజ్‌లో 5 శాతం కంటే పెద్ద సైన్ వేవ్‌కి రాసి ఉంటుంది. అన్నిటికంటే చిన్న ఏసీ రేంజ్ 100 మిల్లీవోల్టులు, అందులో 5 శాతం అంటే 5 మిల్లీవోల్టులు. మీ 4 మిల్లీవోల్టులు ఆ గీత కిందే ఉంది. పైగా 100 కిలోహెర్ట్జ్ దాటాక రీడింగులో 4 శాతం, దానికి తోడు రేంజ్‌లో అర శాతం తేడాకి డేటాషీటే చోటిస్తుంది. ఆ అర శాతమే మీకు అర మిల్లీవోల్టు. ఇక 300 కిలోహెర్ట్జ్ పైన స్పెసిఫికేషనే లేదు, స్పైకుల్లో ఉండే శక్తి చాలావరకు అక్కడే.

కాబట్టి మీ మేనేజర్‌కి చెప్పండి, రెండు మీటర్లూ బాగానే ఉన్నాయి. ఆ కొలత అసలు ఈ మీటర్లు చెయ్యాల్సిన పని కాదు.

రెండోషిఫ్టు
సరే అక్కా, అయితే లిమిట్‌ని 8కి మార్చేస్తే పోలా? కొత్త మీటరు, కొత్త లిమిట్. బోర్డు అదే కదా.

కాలిబ్రేషన్_అక్క
పోదు. లిమిట్ ప్రోడక్ట్ స్పెసిఫికేషన్‌ది, మీటరుది కాదు. 8 ఎక్కడినుంచి వచ్చింది? ఫెయిల్ అవుతున్నవి పాస్ కావడానికి వచ్చింది. రేపు నిజంగా చెడ్డ కెపాసిటర్ ఉన్న బోర్డు 7.5 చూపిస్తే అది కస్టమర్ దగ్గరికి వెళ్తుంది. మీటరు మారినప్పుడల్లా లిమిట్‌ని దాని వెనక లాక్కెళ్ళే అలవాటు వల్ల ఎన్ని లైన్లు గుడ్డిగా నడుస్తున్నాయో రోజూ చూస్తున్నాను. ఈ విషయంలో నేను మెత్తబడను.

@పీణ్యా_బెంచ్ ఆ 5 ఎక్కడినుంచి వచ్చింది? డిజైన్ డాక్యుమెంట్‌లో రిపుల్ ఎంత అని రాశారు, పీక్-టు-పీకా (అల కింది కొన నుంచి పై కొన దాకా), ఆర్‌ఎమ్‌ఎస్సా? అది వెతికి చెప్పండి.

పీణ్యా_బెంచ్
రేపు డిజైన్‌వాళ్ళని అడుగుతాను మేడమ్.

గిండీ_గ్రౌండ్
చెన్నై నుంచి. ఏసీ గురించి మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. మాకు తగిలిన దెబ్బ వేరు, డయోడ్ టెస్ట్. 34401ఎలో డయోడ్ టెస్ట్ 1.2 వోల్టుల దాకానే చూపిస్తుంది, అది దాటితే ఓపెన్ అంటుంది, కంప్యూటర్‌కి 9.9ఈ+37 (హద్దు దాటిందనే గుర్తు) పంపుతుంది. కొత్త దాంట్లో 5 వోల్టుల దాకా వెళ్తుంది. మా జిగ్గులో (బోర్డుని పట్టి ఉంచి టెస్ట్ చేసే ఫ్రేములో) ఒక తెల్ల ఎల్‌ఈడీ మీద డయోడ్ టెస్ట్ చేసి, ఓపెన్ వస్తే షార్ట్ లేదని పాస్ చేసేవాళ్ళు. మీటరు మారగానే ఓపెన్‌కి బదులు 2.6 వోల్టులు రావడం మొదలైంది. బోర్డులన్నీ ఫెయిల్. కమాండ్ అదే, జవాబు ఫార్మాట్ అదే. అందుకే ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ పాత టెస్ట్ అసలు ఎల్‌ఈడీ ఉందా లేదా కూడా చూడలేదని అప్పుడే తెలిసింది. ఖాళీ ప్యాడ్స్ ఉన్నా ఓపెనే కదా. ఇప్పుడు వోల్టేజ్ చూసి, తెల్లదాని బదులు ఎర్రది పెట్టినా పట్టేస్తున్నాం.

సోల్డర్‌పొగ
@గిండీ_గ్రౌండ్ అంటే ఇన్నాళ్ళూ ఎల్‌ఈడీ లేని బోర్డు కూడా దర్జాగా పాస్!

గిండీ_గ్రౌండ్
మా ఏఓఐ (కెమెరాతో బోర్డు తనిఖీ చేసే) మెషిన్ ముందే పట్టుకునేది కాబట్టి బయటికి వెళ్ళలేదు. లేకపోతే ఇక్కడ ఇంత ప్రశాంతంగా రాసేవాణ్ణి కాదు.

ఐటీ_గేటు
ఐపీ గురించి ఇంకో మాట. స్థిరమైన ఐపీ ఇవ్వమని ఊరికే అనలేదు. మా దగ్గర మీటర్లన్నీ ఒకే స్విచ్ మీద, డీహెచ్‌సీపీతో (నెట్‌వర్కే ఐపీ అడ్రసులు పంచే పద్ధతి) ఉండేవి. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక రెండు మీటర్లకి అడ్రసులు తారుమారయ్యాయి. మూడో స్టేషన్ ప్రోగ్రాం ఐదో స్టేషన్ మీటరుని చదువుతోంది, ఐదోది మూడోదాన్ని. రెండు చోట్లా ఒకే ప్రోడక్ట్ నడుస్తోంది కాబట్టి రీడింగులు మామూలుగానే కనిపించాయి. ఒక ఆపరేటర్ బోర్డు పెట్టకుండానే పాస్ వచ్చిందని చెప్పబట్టి తెలిసింది. ఆ అమ్మాయి గమనించకపోతే ఎన్నాళ్ళు అలాగే నడిచేదో.

జీపీఐబీ, సీరియల్ కాలంలో ఇలాంటి ప్రమాదం ఉండేది కాదు, కేబుల్ ఎటు పోతే మీటరు అదే. ల్యాన్‌కి వెళ్ళేవాళ్ళు ప్రతిసారీ మొదట్లో సీరియల్ నంబర్ సరిచూసుకోవాలి. 34401ఎ *ఐడీఎన్? జవాబులో సీరియల్ నంబర్ చోట ఊరికే సున్నా ఇచ్చేది. కొత్తది నిజమైన నంబర్ ఇస్తుంది, వాడుకోండి.

ఆర్పీఐ_రాయలసీమ
ఇది మా ప్రోగ్రాంలో లేదు. ఈరోజే కలుపుతాను. పాత ప్రోగ్రాం అడిగినప్పుడు 34401ఎ అని పై చేతే చెప్పించి, మీటరుని మాత్రం దాని అసలు ఐడీ మీదే ఉంచితే నంబర్ చూసుకోవచ్చు.

కరెంటు విషయం వచ్చింది కాబట్టి చెప్తున్నాను: 34461ఎ స్విచ్ వెయ్యగానే లేవదు, లోపల ఒక కంప్యూటర్ బూట్ అవ్వాలి. పాతది క్షణంలో సిద్ధం. పవర్ రాగానే ప్రోగ్రాం మొదలయ్యేలా పెట్టుకుంటే టైమవుట్ వస్తుంది. కనెక్షన్ దొరికేదాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేలా రాయండి.

వైట్‌ఫీల్డ్_విజా
డీసీ కలుస్తోందని వదిలెయ్యకండి. మీ ఔట్‌పుట్ 12 వోల్టులా? ఆటో రేంజ్‌లో ఉంటే 10 వోల్టుల రేంజ్ సరిగ్గా 12 దాకా వెళ్తుంది, ఆ పైన 100 వోల్టుల రేంజ్‌కి ఎగురుతుంది. 11.98 ఉన్న బోర్డు ఒక రేంజ్‌లో, 12.03 ఉన్న బోర్డు ఇంకో రేంజ్‌లో కొలుస్తున్నారన్నమాట. ఏడాది స్పెసిఫికేషన్ ప్రకారం మొదటిదానికి అనుమతించిన తప్పు అర మిల్లీవోల్టు లోపు, రెండోదానికి మిల్లీవోల్టు పైన. ప్రోగ్రాంలో రేంజ్ ఫిక్స్ చెయ్యండి.

పీణ్యా_బెంచ్
@వైట్‌ఫీల్డ్_విజా 12 వోల్టులే. మా లిమిట్ ప్లస్ ఆర్ మైనస్ 2 శాతం కాబట్టి మిల్లీవోల్టు మాకు పెద్ద లెక్క కాదు. కానీ పైలో కమాండ్ మారుస్తూ రేంజ్ కూడా అక్కడే పెట్టొచ్చు, పెట్టేస్తాను.

కాలిబ్రేషన్_అక్క
రెండు మీటర్లు పోల్చేటప్పుడు ఒకే బోర్డుకి రెండూ ఒకేసారి తగిలించకండి. ఒక్కో మీటరు 10 మెగాఓమ్‌లు, రెండూ కలిస్తే 5. తక్కువ ఇంపెడెన్స్ ఔట్‌పుట్ దగ్గర ఏమీ కాదు. కానీ 1 మెగాఓమ్ వెనక ఉన్న పాయింట్‌లో ఒక మీటరుతో 9 శాతం తగ్గి కనిపించేది, రెండు పెడితే 17 శాతం దాకా తగ్గుతుంది. ఒకదాని తర్వాత ఒకటి కొలవండి. పాస్ అయినవి, ఫెయిల్ అయినవి, లిమిట్ అంచున ఉన్నవి, మూడు రకాల బోర్డులూ తీసుకోండి. మంచి బోర్డులు మాత్రమే పెట్టి అన్నీ కలిశాయని సంతకం చెయ్యకండి. మీటర్లు వేడెక్కడానికి కనీసం గంటన్నర ఇవ్వండి.

ఇంకోటి, పాత మీటర్లను కాలిబ్రేషన్‌కి ఆఖరిసారి పంపండి. సర్దుబాటు చేసే ముందు ఎంత చూపించింది అనే డేటా అడిగి తీసుకోండి. ఇన్నాళ్ళూ మీరు పంపిన బోర్డుల కొలతలు సరైనవే అని చెప్పడానికి అదే ఆధారం. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే పంపండి.

రెండోషిఫ్టు
తీసేసే మీటర్లకి కాలిబ్రేషన్ ఖర్చా? మా మేనేజర్ అయితే నవ్వుతాడు.

కాలిబ్రేషన్_అక్క
@రెండోషిఫ్టు ఆరు నెలల తర్వాత కస్టమర్ ఒక బోర్డు వెనక్కి పంపి, ఇది ఏ మీటరుతో పాస్ అయింది అని అడిగితే అప్పుడు నవ్వడు.

రెండోషిఫ్టు
ఇది ఒప్పుకుంటాను.

గిండీ_గ్రౌండ్
పాత పరికరాల కాలిబ్రేషన్ అంటే గుర్తొచ్చింది, 3458ఎ మల్టీమీటరు ఉన్నవాళ్ళు కూడా జాగ్రత్త. దాని కాలిబ్రేషన్ లెక్కలు బ్యాటరీ ఉన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. బ్యాటరీ అయిపోతే అవన్నీ పోతాయి. చిప్ చచ్చేదాకా ఆగకుండా ముందే కాపీ తీసుకుని మార్చుకోండి.

పీణ్యా_బెంచ్
డిజైన్‌వాళ్ళ దగ్గర డాక్యుమెంట్ దొరికింది. రిపుల్ 100 మిల్లీవోల్టులు పీక్-టు-పీక్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో, స్కోపుతో (ఆసిల్లోస్కోపు, అల ఆకారం చూపించే పరికరం) అని స్పష్టంగా రాసి ఉంది. 5 మిల్లీవోల్టుల ఆర్‌ఎమ్‌ఎస్ ఎక్కడా లేదు. లైన్ మొదలుపెట్టినప్పుడు ఒక మంచి బోర్డుని 34401ఎతో కొలిచి, వచ్చిన దానిమీద కొంచెం పెంచి ప్రోగ్రాంలో పెట్టారని పాత టెక్నీషియన్ చెప్పాడు.

ఈరోజు స్కోపు పెట్టి చూశాం. ప్రోబు గ్రౌండ్ వైరు తీసేసి చిన్న స్ప్రింగ్‌తో, ఔట్‌పుట్ కెపాసిటర్ మీదే. కొత్త మీటరు 6 చూపించిన బోర్డులు 50, 60 మిల్లీవోల్టుల మధ్య ఉన్నాయి, అంటే హాయిగా లిమిట్ లోపల. ఒక్క బోర్డు మాత్రం 130 దాకా వచ్చింది. దాన్ని పాత మీటరు 4.7 అని పాస్ చేసింది.

సోల్డర్‌పొగ
అబ్బా.

ల్యాబ్‌వ్యూ_లోకం
ఆ బోర్డులో ఏముంది? ఔట్‌పుట్ కెపాసిటరా?

పీణ్యా_బెంచ్
పెద్ద కెపాసిటర్ బాగానే ఉంది. దాని పక్కన ఉండాల్సిన చిన్న సెరామిక్ కెపాసిటర్ ఒకవైపు సోల్డర్ అంటుకోలేదు. స్పైకులు అణచేది అదే. మళ్ళీ సోల్డర్ చేస్తే 55కి వచ్చింది.

కాలిబ్రేషన్_అక్క
ఇందుకే లిమిట్ పెంచొద్దన్నాను. ఆ బోర్డు కొత్త మీటరులో ఎంత చూపించింది?

పీణ్యా_బెంచ్
7.2 మేడమ్. లిమిట్ 8 పెట్టి ఉంటే పాస్ అయ్యేది.

రెండోషిఫ్టు
అక్కా, దణ్ణం. 8 మాట వెనక్కి తీసుకున్నాను.

వైట్‌ఫీల్డ్_విజా
ఇప్పుడు లైన్‌లో ఏం చెయ్యబోతున్నారు? ప్రతి బోర్డుకీ స్కోపు పెడితే టైము సరిపోదు.

పీణ్యా_బెంచ్
మీటరులో ఏసీ టెస్ట్ తీసేస్తున్నాం, డీసీ, లోడ్ రెగ్యులేషన్ దాంట్లోనే. రిపుల్‌కి జిగ్గులో కొయాక్సియల్ కేబుల్‌తో ఒక పాయింట్ తీసి, ల్యాన్ ఉన్న స్కోపు ఒకటి రెండు స్టేషన్ల మధ్య పెడుతున్నాం. పీక్-టు-పీక్ దానంతట అదే చదువుతుంది. అది వచ్చేదాకా ప్రతి లాట్‌లో కొన్ని బోర్డులు చేత్తో చూస్తాం, కొత్త మీటరులో 5 దాటినవి మాత్రం అన్నీ. స్టాకులో ఉన్నవి కూడా తిరిగి చూడమని రాసిచ్చాను, మేనేజర్ ఒప్పుకున్నాడు.

పై మీద ప్రోగ్రాం మొదటి స్టేషన్‌లో నడుస్తోంది. @ఆర్పీఐ_రాయలసీమ డీటీఆర్, డీఎస్‌ఆర్ కలిపేదాకా నిజంగానే కదల్లేదు. కలపగానే లేచింది. చాలా థాంక్స్ అన్నా.

ఆర్పీఐ_రాయలసీమ
సంతోషం. మీటరు సీరియల్ నంబర్ చూసే లైన్లు కలిపిన ప్రోగ్రాం ఇక్కడే పెడతాను, స్టేషన్‌కి ఒక నంబర్ మార్చుకుంటే చాలు.

సోల్డర్‌పొగ
పాత మీటర్లు ఏం చేస్తున్నారు? డిస్‌ప్లే మసకగా ఉన్నది ఒకటి అమ్మితే నేను జాలహళ్ళి నుంచి బండి మీద వచ్చి తీసుకెళ్తా.

పీణ్యా_బెంచ్
రెండు బాగున్నవి డిజైన్ ల్యాబ్‌కి పోతున్నాయి. మసకవి ఆఖరి కాలిబ్రేషన్ నుంచి తిరిగొచ్చాక స్టోర్స్‌లో అడిగి చెప్తాను.